లంగరు గొలుసుకు మెలి పడితే

బైలదిల్లా కొండల్లో నిండిన గూడ్సు బండి ఎటు వెళుతుందో కిరందుల్, బచేలి పిల్లలకు మేము చెప్పనక్కర్లేదు. జగదల్‌పూర్ దాటి, కొరాపుట్ దాటి, అరకు కొండల సొరంగాల గుండా కొత్తవలసకు దిగి విశాఖపట్నం చేరుతుంది. 1960వ దశకంలో ఈ రైలుదారి వేసింది ముఖ్యంగా ఇనుప ఖనిజం కోసమే. ఎద్దు మూపురంలా ఉంటుంది కాబట్టి ఆ కొండకు బైలదిల్లా అని పేరు. ఆ మూపురం మీది ఎర్రరాయి విశాఖలో ఉక్కు అవుతుంది, కొంత ఓడలెక్కి దూరదేశాలకు పోతుంది. మన ఇంద్రావతి నీళ్లదీ అదే దారి. చిత్రకోట దగ్గర దూకి, పడమరగా సాగి, గోదావరిలో కలిసి, చివరకు బంగాళాఖాతం చేరతాయి.

అంటే బస్తరులో సముద్రం లేకపోయినా, బస్తరు రాయీ నీరూ సముద్రానికి వెళుతూనే ఉన్నాయి. అందుకే ఈసారి తెలుగు విభాగంలో సముద్రం మీద పనికొచ్చే ఒక ఇనుప వస్తువు గురించి చెప్పుకుందాం. అది లంగరు గొలుసు. ఆ గొలుసుకు మెలి పడితే ఏమవుతుంది? దాన్ని ఎలా విప్పుతారు? చిన్న ప్రశ్నలాగే ఉంటుంది కానీ, విప్పుతూ పోతే బడి ఊయల దగ్గర నుంచి మన ఒంట్లోని కణం దాకా వెళుతుంది.

లంగరు అంటే

ముందు మాట సంగతి చూద్దాం. లంగరు అన్నది పారసీ మాట. గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే చోటును కూడా లంగర్ అనే అంటారు కదా, అదీ ఇదీ ఒకే మాట. ఓడ ఆగే చోటుకు పనికొచ్చిన మాటే, బాటసారి ఆగి తినే చోటుకూ పనికొచ్చింది.

కాకినాడ వైపు వెళ్లినవాళ్లు ఒడ్డుకు దూరంగా నీళ్ల మీద కదలకుండా నిలబడ్డ ఓడలను చూసే ఉంటారు. వాటిని నిలబెట్టేది లంగరు. అది బరువుతోనే ఓడను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లంగరు నాగలి లాంటిది. అడ్డంగా లాగితే దాని కొన బురదలోకో ఇసుకలోకో దిగబడుతుంది. నిటారుగా పైకి లాగితే ఊడి వస్తుంది. కాబట్టి లాగుడు అడ్డంగా ఉండేలా చూడడం ముఖ్యం. ఆ పని చేసేది గొలుసు. బరువైన గొలుసు కొంత నేల మీద పడి ఉంటుంది, మిగతాది వంపు తిరిగి పడవ ముక్కు దాకా వస్తుంది.

అందుకే నీటి లోతెంతో గొలుసు అంతే వదిలితే చాలదు. నీరు 6 మీటర్లు, నీటి మీద పడవ ముక్కు 1 మీటరు ఎత్తు అనుకోండి. మొత్తం 7. మామూలు గాలికి దానికి 5 రెట్లు, అంటే 35 మీటర్ల గొలుసు వదులుతారు. గాలి పెరిగితే 7 రెట్లు, అంటే 49 మీటర్లు. దూరప్రయాణం చేసే తెరచాప పడవలో 60 మీటర్ల దాకా గొలుసు ఉండడం మామూలే.

అలాంటి పడవలతో మన తెలుగువాళ్లకు సంబంధం లేదనుకోకండి. భారత నౌకాదళం వారి తెరచాప పడవ తారిణి 55 అడుగుల పొడవుంటుంది. ఆ పడవలో 6 మంది మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి, 2018 మే 21న తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి ఉన్నారు, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, దక్షిణాఫ్రికా, మారిషస్‌లలో మాత్రమే ఆగారు. పడవను నడపడం ఎంత విద్యో, ఆపడం, మళ్లీ కదిలించడం అంతే విద్య.

మెలి ఎలా పడుతుంది

లంగరు వేసిన పడవ ఒక్కచోట ఉంటుంది గానీ ఒక్క దిక్కుకే ఉండదు. గాలి మారితే తిరుగుతుంది. ఆటుపోట్లు మారితే తిరుగుతుంది. మన తూర్పు తీరంలో రోజుకు సుమారు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. గుంజకు కట్టేసిన ఆవు మేస్తూ మేస్తూ గుంజ చుట్టూ తిరిగినట్టే, పడవ కూడా లంగరు చుట్టూ తిరుగుతుంది. పడవ ఒక పూర్తి చుట్టు తిరిగి, లంగరు మాత్రం నేలలో కదలకుండా ఉంటే, గొలుసులో ఒక మెలి చేరుతుంది.

రెండో కారణం పైకి లాగేటప్పుడు. నాగలి ఆకారంలో ఉన్న లంగరు నీళ్లను చీల్చుకుంటూ పైకి వస్తుంటే బొంగరంలా తిరగవచ్చు. అలా తిరిగిన ప్రతిసారీ గొలుసు తిరుగుతుంది.

ఇక్కడ లెక్కల మాస్టారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. 10 మిల్లీమీటర్ల లావు కడ్డీతో చేసిన గొలుసు తీసుకుందాం. ఒక్కో లంకె లోపలి పొడవు 30 మిల్లీమీటర్లు అయితే, మీటరుకు సుమారు 33 లంకెలు, 60 మీటర్లకు దాదాపు 2000. ఒక లంకెకూ పక్క లంకెకూ మధ్య కొంచెం వదులు ఉంటుంది. ఒక్కొక్కటి కేవలం 2 డిగ్రీలు పక్కకు తిరిగిందనుకోండి. 2000ను 2తో గుణిస్తే 4000 డిగ్రీలు. దాన్ని 360తో భాగిస్తే 11 చుట్లకు పైనే! గొలుసును ఎంత దగ్గరగా చూసినా 2 డిగ్రీల తేడా కంటికి ఆనదు. కానీ అందులో 11 మెలులు దాక్కుని ఉన్నాయి.

మరి ఎప్పుడు బయటపడతాయి? గొలుసును పైకి లాగే యంత్రాన్ని విండ్‌లాస్ అంటారు. దానికి లంకెలు సరిగ్గా కూర్చునేలా గుంటలున్న చక్రం ఉంటుంది. ఒక లంకె పడుకుని, తరువాతిది నిలబడి, మళ్లీ ఒకటి పడుకుని ఆ చక్రంలోకి వెళ్లాలి. అంటే చక్రం దాటి లోపలికి పోయే గొలుసు తిన్నగానే పోవాలి. మెలి మాత్రం లోపలికి పోదు, బయట మిగిలిన గొలుసులోకి తోసుకుంటూ పోతుంది. తడిబట్టను ఒక కొస నుంచి పిండుతూ వస్తే నీళ్లన్నీ రెండో కొసకు చేరతాయి చూడండి, అలాగే.

55 మీటర్లు లోపలికి పోయి, బయట 5 మీటర్లే మిగిలాయనుకోండి. ఆ 5 మీటర్లలో 167 లంకెలు. ఆ 4000 డిగ్రీలు ఇప్పుడు వీటి మీదే పడ్డాయి. ఒక్కో లంకెకు 24 డిగ్రీలు! లంగరు నీళ్లలో స్వేచ్ఛగా వేలాడుతుంటే గిర్రున తిరిగి కొంత మెలిని వదిలేస్తుంది. ఇంకా బురదలోనే ఉంటే తిరగలేదు. అప్పుడు గొలుసు కొంచెం వదులైతే చాలు, పాములా చుట్టుకుని ఉచ్చు పడుతుంది. ఆ ఉచ్చు విండ్‌లాస్ దగ్గరికి వచ్చి ఇరుక్కుంటుంది. కొన్నిసార్లు లంకె గుంటలో పక్కకు కూర్చుని, ఎగిరి, మెలితో సహా లోపలి గొలుసు అరలో పడుతుంది. ఈసారి తప్పించుకున్నా, మళ్లీ లంగరు వేసేటప్పుడు ఆ అర నుంచి చిక్కుముద్ద బయటికి వస్తుంది.

ఎందుకు భయపడాలి

లంగరు పట్టు తప్పితే ఏమవుతుందో విశాఖ పిల్లలకు తెలుసు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు, సముద్రంలో లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి నిలవలేక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకు కొట్టుకువచ్చింది. అక్కడ జరిగింది మెలి వల్ల అని మేము అనడం లేదు. అంత పెద్ద ఓడకు కూడా ఒడ్డుకూ సముద్రానికీ మధ్య ఉండే ఆధారం ఆ గొలుసే అని చెప్పడానికే ఈ మాట.

మెలి పడిన గొలుసుతో వచ్చే ప్రమాదం దీనికి తిరగేసినది. లంగరు పట్టు బాగానే ఉంటుంది, కానీ పైకి రాదు. రాత్రి గాలి మారి ఒడ్డు వైపు కొడుతుంది. అలలు లేస్తాయి. అక్కడి నుంచి వెంటనే బయటపడాలి. సరిగ్గా అప్పుడే గొలుసు ఇరుక్కుంటుంది. కంగారులో ఎవరో చెయ్యి పెట్టి ఉచ్చు విప్పబోతారు. అల పడవను ఎత్తుతుంది, వదులుగా ఉన్న గొలుసు ఒక్కసారిగా బిగుస్తుంది. వేళ్లు నలిగేది, తెగేది అక్కడే. బరువు మోస్తున్న గొలుసు మీద చెయ్యి పెట్టకూడదన్నది నావికులు మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి.

ముందు చేతులతో ఒక ప్రయోగం

విప్పే పద్ధతి చెప్పే ముందు మీరొక పని చెయ్యండి. మీటరు పొడవు పురికొస తీసుకోండి. మీరొక కొస, మీ స్నేహితుడు ఒక కొస గట్టిగా పట్టుకోండి. బిగుతుగా లాగి ఉంచి, మీ కొసను ఒకే వైపు 30 సార్లు తిప్పండి. తాడు తిన్నగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఇద్దరూ మెల్లగా దగ్గరికి రండి. మధ్యలో టక్కున ఉచ్చులు లేస్తాయి. మళ్లీ దూరం జరిగి లాగండి. ఉచ్చులు మాయమవుతాయి. మెలి పోయిందా? పోలేదు. దగ్గరికి వస్తే మళ్లీ లేస్తాయి.

ఇప్పుడు మూడో స్నేహితుణ్ణి పిలిచి మధ్యలో ఉచ్చు విప్పమనండి. ఒకచోట విప్పితే ఇంకోచోట లేస్తుంది. సాయంత్రం దాకా విప్పినా ఇంతే. చివరకు మీ కొస వదిలెయ్యండి. తాడు తనంతట తానే గిర్రున తిరిగి నిదానిస్తుంది.

ఇందులో ఉన్న నియమం ఇది: రెండు కొసలూ కదలకుండా ఉన్నంతసేపు మెలి మొత్తం మారదు. అది తాడు వెంట సాగుతుంది, ఉచ్చుగా మారుతుంది, మళ్లీ తాడులోకి వెళుతుంది, కానీ పోదు. పోవాలంటే కొస గుండానే పోవాలి. గణితశాస్త్రంలో దీన్ని రుమేనియా పండితుడు కలుగరేను 1961లో సూత్రంగా చెప్పారు, తరువాత మరికొందరు విస్తరించారు. పెద్ద తరగతుల పిల్లలకు ఇంకో ముక్క. మన కణాల్లో డీఎన్‌ఏ కూడా మెలి తిరిగిన పొడవాటి తాడే. కొన్ని సూక్ష్మజీవుల్లో అది ఉంగరంలా ఉంటుంది, కొసలే ఉండవు. కొసలు లేకపోతే మెలి ఎటు పోతుంది? టోపోఐసోమరేజ్ అనే ఎంజైములు ఆ తాడును కోసి, తిప్పి, మళ్లీ అతికిస్తాయి. గొలుసును అలా కోయలేం కాబట్టి నావికుడు కొసనే నమ్ముకోవాలి.

విప్పే పద్ధతి

మొదటి పని, విండ్‌లాస్‌ను ఆపడం. బలవంతంగా లాగితే ఉచ్చు ఇంకా బిగుస్తుంది. తరువాత, గొలుసు బరువును యంత్రం మీద నుంచి తప్పించాలి. ఒక గట్టి తాడుకున్న కొక్కేన్ని ఉచ్చుకు ముందున్న లంకెకు తగిలించి, ఆ తాడును పడవకున్న గట్టి కట్టుకొయ్యకు కడతారు. ఇప్పుడు లాగుడంతా తాడు మోస్తుంది. యంత్రం దగ్గర గొలుసు వదులుగా ఉంటుంది. అప్పుడు, చేతితో కాకుండా కడ్డీతోనో కొక్కేంతోనో ఉచ్చును విప్పి, లంకెలను గుంటల్లో సరిగ్గా కూర్చోబెడతారు. ఇది అప్పటికి గట్టెక్కడం మాత్రమే. మెలి ఇంకా గొలుసులోనే ఉంది.

రెండో పని తీరిగ్గా చేసేది. గాలి లేని రోజు చూసి, ఒడ్డుకూ ఇతర పడవలకూ దూరంగా, లోతైన నీటికి వెళతారు. లంగరు నేలకు తగలకుండా గొలుసును మెల్లగా వదులుతారు. వదిలిన గొలుసు కన్నా లోతు ఎక్కువ ఉండాలి. కింది కొసకు ఉన్న లంగరు ఇప్పుడు స్వేచ్ఛగా వేలాడుతుంది, మెలి ఉన్న వైపుకు ఎదురుగా తిరిగి తిరిగి ఆగుతుంది. అది ఆగేదాకా ఓపిక పట్టి, మెల్లగా పైకి లాగుతారు. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేస్తారు.

దీనికి ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, గొలుసు లోపలి కొస పడవకు కట్టి ఉందా లేదా. కట్టి లేకపోతే గొలుసంతా సముద్రం పాలే. రెండు, అంత బరువును యంత్రం పైకి లాగగలదా. లెక్క వేద్దాం. ఈ గొలుసు మీటరు బరువు సుమారు 2.3 కిలోలు. 60 మీటర్లకు 138 కిలోలు. లంగరు 20 కిలోలు అనుకుంటే మొత్తం 158. ఆర్కిమెడిస్ చెప్పినట్టు నీళ్లలో కొంత తేలికవుతుంది. ఉక్కు నీటి కన్నా సుమారు 7.8 రెట్లు సాంద్రమైనది కాబట్టి దాదాపు 20 కిలోలు తగ్గి 138 మిగులుతుంది. ఇద్దరు పెద్దమనుషుల బరువు అంత! చిన్న యంత్రం మొరాయించవచ్చు. అలాంటప్పుడు గొలుసు మొత్తం వదలకుండా కొంత కొంతగా వదిలి చేస్తారు.

మూడో పద్ధతి రేవులో. లంగరును విడదీసి, గొలుసంతా గట్టు మీద పొడవుగా వెనక్కీ ముందుకీ పరుస్తారు. పడవ వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అడుగూ సరిచేస్తూ, మెలిని ముందుకు నెడుతూ, విడిగా ఉన్న కొస దాకా పోతారు. మధ్యలో మొదలుపెడితే పురికొసతో మీ స్నేహితుడు పడ్డ పాట్లే. సరయ్యాక 10 మీటర్లకొకసారి లంకెలకు ఒకే వైపున రంగు గీత వేస్తారు. మళ్లీ ఎప్పుడైనా గీత పక్కకు పోతే, మెలి చేరుతోందని ముందే తెలుస్తుంది. కంటికి ఆనని 2 డిగ్రీలను కనిపించేలా చేసేది ఆ గీతే.

ముందుజాగ్రత్తగా గొలుసుకూ లంగరుకూ మధ్య స్వివెల్ అనే తిరుగుడు లంకె వేసేవాళ్లూ ఉన్నారు. కుక్క గొలుసుకు మెడ దగ్గర ఉండేది అలాంటిదే. అది మెలిని బయటకు పోనిస్తుంది. కానీ దాన్నే నమ్ముకోవద్దని అనుభవజ్ఞులు అంటారు. లాగుడు ఎక్కువైతే అది తిరగకుండా బిగుసుకోవచ్చు, పక్కకు వంగితే విరగవచ్చు. అందుకే కొందరు దాన్ని లంగరుకు ఆనించకుండా, మధ్యలో కొన్ని లంకెలు వదిలి వేస్తారు.

ఇంకో మంచి అలవాటు లోపలి కొసది. దాన్ని ఇనుముతో బిగించకుండా గట్టి తాడుతో కడతారు. లంగరు పైకి రాక, పడవ రాళ్ల వైపు పోతుంటే, కత్తితో ఆ తాడు కోసి, గొలుసంతా వదిలేసి బయటపడవచ్చు. గొలుసు పోతే కొనుక్కోవచ్చు.

రెండు గొలుసులున్న ఓడ, రెండు గొలుసులున్న ఊయల

పెద్ద ఓడలు కొన్నిసార్లు రెండు లంగర్లు వేస్తాయి. ఓడ ఒకే వైపు తిరుగుతూ పోతే రెండు గొలుసులూ ఒకదానికొకటి జడలా పెనవేసుకుంటాయి. దీన్ని మన బడి ఊయల మీద చూడవచ్చు. కూర్చుని, కాళ్లతో నేలను తన్నుతూ ఒకే వైపు తిరగండి. గొలుసులు పెనవేసుకుని ఊయల పైకి లేస్తుంది. కాళ్లెత్తితే ఎదురు తిరిగి విప్పుకుంటుంది. ఓడను విప్పడానికి కూడా, ఎటు తిరిగిందో దానికి ఎదురుగా అన్ని చుట్లూ తిప్పాలి, లేదా ఒక గొలుసును విడదీసి రెండోదాని చుట్టూ వెనక్కు తిప్పాలి.

మెలి ఎప్పుడూ చెడ్డది కాదు

ఇంతా చెప్పాక మెలి అంటే శత్రువనుకోకండి. బస్తరు దసరాలో దంతేశ్వరి అమ్మవారి పెద్ద రథాన్ని లాగే మోకులు సంప్రదాయంగా సియాడి తీగ నారతో పేనినవి. అది మన ఏజెన్సీలో విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగే. విడి నారపోగు పిల్లవాడు లాగినా తెగుతుంది. వాటిని ఒక వైపు పేని పోగులు చేస్తారు. పోగులను ఎదురు వైపు పేని పేటలు చేస్తారు. పేటలను మళ్లీ ఎదురు వైపు పేనితే మోకు అవుతుంది. ఒక మెలి విప్పుకోబోతే రెండోది ఇంకా బిగుస్తుంది, అందుకే ఏదీ విప్పుకోదు. వందల మంది లాగినా నిలుస్తుంది. తాడుకు పురి బలం. గొలుసుకు మాత్రం పురి అక్కర్లేదు, దాని బలమంతా లంకెలోనే ఉంది. అవసరం లేని చోట చేరిన మెలినే విప్పాలి.

మన ఇళ్లలో ప్రతి రెండు మూడేళ్లకు సామాను కట్టడం, విప్పడం మామూలే. కొత్త ఊరికి వెళ్లగానే మాకు వినిపించే మాట ఒకటే: "మీకు ఎక్కడా వేళ్లు ఉండవు కదా!" నిజమే, చెట్టుకు ఉండేవి వేళ్లు. కదిలేవాళ్లకు కావలసింది లంగరు. ఉన్నన్నాళ్లూ గట్టిగా పట్టుకోవాలి, వెళ్లాల్సినప్పుడు తెగకుండా పైకి రావాలి. రెండూ చేస్తేనే అది లంగరు. పాత బడిలో స్నేహితులతో మాట తేడా వచ్చి ఉంటే, బండి ఎక్కేముందు ఆ కొస వదిలి విప్పుకుని రండి. అలాగే అరలో వేసి తీసుకుపోతే, కొత్త చోట లంగరు వేసేటప్పుడు అదే చిక్కు బయటికి వస్తుంది.

అమ్మకో నాన్నకో తరువాతి బదిలీ విశాఖకో, కొచ్చికో, ముంబైకో అయితే ఒక సాయంత్రం రేవుకు వెళ్లండి. ఆగి ఉన్న పడవ ముక్కు దగ్గర గొలుసు చూడండి. రంగు గీతలు ఉన్నాయా, ఒకే వరుసలో ఉన్నాయా గమనించి, ఆ పడవవాళ్లను అడగండి. మెలి పడితే వాళ్లు ఎలా విప్పుతారో రాసి ఈ పత్రికకు పంపండి.